రంగము మజిలీ



కాశీమజిలీ కథలు చదివినవారికి మణిసిద్ధుడును గోపడును జ్ఞప్తియందుందురు. వారిరువురును కాశికి నడచుచుండగా, ప్రతి మజిలీయందును గోపడు తాను చూచిన వింతను గూర్చి యడుగును. మణిసిద్ధుడు దాని కథ చెప్పును. నేనును ఒక ప్రయాణములో ఒక మహాపట్టణమున రెండు దినములు మజిలీ చేసితిని. నా వెంట మణిసిద్ధుడు లేకపోవుటచే అడుగుటయు, సమాధానము వెదకుటయు రెండును నాకే పడినవి. ఆ పట్టణము రంగూను. మా శ్రీకాకుళపు పల్లెలలో దానిని రంగమనుచుండిరి. "వాడు రంగం పోయినాడు", "ఇది రంగం డబ్బుతో కట్టిన ఇల్లు" అను మాటలు మీలో పెద్దలు చిన్ననాట వినియేయుందురు.

ఆ దేశపు రాజు అలౌంగ్‌పయా 1755వ సంవత్సరమున ఆ చోటును జయించి, కలహములు ముగిసినవను అర్థము వచ్చునట్లు దానికి యాంగోనని పేరిడెను. ఆంగ్లేయుల నోట అది రంగూనైనది. 1989లో అక్కడి ప్రభుత్వము మరల యాంగోన్ అనియే వాడవలెనని శాసించినది. కలహములు ముగిసిన ఊరని పేరు పెట్టినంతమాత్రమున కలహములు ముగియవని చరిత్ర చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేను మాత్రము మన పల్లెవాడు పెట్టిన పేరునే వాడెదను. రంగమనగా నాటకశాలయు నగును, యుద్ధభూమియు నగును. నిఘంటువు నెరుగని కూలివాడు, నోరు తిరుగక కుదించుకొనిన మాట యది. ఐనను ఆ రెండర్థములును ఆ ఊరికి చెల్లినవి.

2019వ సంవత్సరము డిసెంబరు మాసమున, ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట, సింగపూరులోనున్న మా కుమారుని చూడబోవుచు కలకత్తాలో విమానమెక్కి రంగములో దిగితిని. నేరుగా పోవు విమానములు లేకపోలేదు. మావాడు ఫోనులో "రెండు రోజులు అక్కడేమి చేస్తారు నాన్నగారూ?" అని అడిగెను. చినతాతగారి ఊరు చూడవలెనంటిని. వానికి ఆ చినతాత ఎవరో తెలియదు. అందులో వాని తప్పు లేదు.

మా పితామహుని తమ్ముడు 1926 మొదలు 1942 వరకు రంగములో పజున్‌డౌన్ కాలువ యొడ్డుననున్న ఒక బియ్యపుమిల్లులో గుమాస్తాగా నుండెను. నాకు జ్ఞానము వచ్చునప్పటికి ఆయన వృద్ధుడు. రాత్రి అరుగుమీద పరుండునప్పుడు మూతపెట్టిన నీళ్ళచెంబు చేతికందునంత దూరములో నుండవలెను. ఎవరైన దానిని జరిపినచో నిద్రలోనుండి లేచి చీకటిలో తడుముకొనుచుండెడివాడు. ఒకనాడు నేను, "రంగంలో ఏముండేది తాతా?" అని అడిగితిని. "ఏముందిరా, మేమే ఉన్నాము" అనెను. అది ముసలివాని డంబమని అప్పుడనుకొంటిని. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలు చాలకాలమునకు నా కంటబడినవి. ఆ యేట రంగము జనసంఖ్య 4,00,415. అందు భారతీయులు 2,12,929 మంది. అనగా నూటికి యాబదిముగ్గురు మనదేశమువారే. చినతాతగారు చెప్పినది డంబము కాదు, లెక్క.

ఇక నేను చూచిన పట్టణము. డిసెంబరు మాసమైనను పగలు చెమట ధారగా కారుచుండును. తెల్లవారునప్పటికే వీధులు జనముతో క్రిక్కిరిసినవి. స్త్రీలు చెక్క నరగదీసిన తనకా యను లేపనమును చెక్కిళ్ళకు పూసికొని, పురుషులు మన లుంగీవంటి లోంజీలు కట్టుకొని, పనులకు పోవుచుండిరి. కాలిబాటమీదనే జానెడెత్తు పీటలు వేసి టీ అమ్ముదురు. ఆ పీటపై కూర్చుండి లేచుటకు నా మోకాళ్ళు కొంత వాదించినవి. అడుగడుగునను తమలపాకుల బడ్డీలు. అక్కడి మోటారులన్నియు బాటకు కుడిప్రక్కగా పోవును, కాని పెక్కింటికి తిప్పుడుచక్రమును కుడిప్రక్కనే యుండును. 1970లో ఒక్క ఆజ్ఞతో ఎడమ నడకను కుడి నడకగా మార్చిరి. తరువాత జపానునుండి పాతబండ్లు పాత రీతివే వచ్చినవి. అందుచే బస్సు దిగువాడు బాట నడుమ దిగకుండ జాగ్రత్తపడవలెను. దుకాణముల పలకలమీది అక్షరములు గుండ్రముగా మన అక్షరముల దాయాదులవలె కనబడి, ఇదిగో చదివితిననిపించును, ఒక్కటియు చదువరాదు. దక్షిణ బ్రాహ్మీలిపినుండి పుట్టిన సంతతిలోనివే అవియును గనుక ఆ పోలిక కేవలము భ్రమకాదు.

నడిబొడ్డున సూలే చైత్యము. దానిని కేంద్రముగా చేసికొని వీధులన్నియు చదరంగపు పలకవలె నిడుపుగను అడ్డముగను సాగినవి. 1852లో రెండవ బర్మా యుద్ధమున ఆంగ్లేయులు ఊరిని పట్టుకొనినపిమ్మట, అంతకుముందు సింగపూరులో పనిచేసిన మాంట్‌గోమరీ యను వైద్యుడును, ఫ్రేజరను సైనిక ఇంజనీరును ఆ పథకమును గీచిరి. ఏటియొడ్డు బురదనేల, దానిని మట్టితో మెరకచేసి వీధులు వేసిరి. సన్నవీధులకు పేర్లు లేవు, అంకెలు మాత్రమే. పేరు పెట్టుటకు ఒక తరము నివసింపవలెను. అంకె వేయుటకు ఒక దినము చాలును. ఆ పట్టణమున నివసింప వచ్చినవారికంటె పనిచేసి పోవలెనని వచ్చినవారే యెక్కువ. ఈ మాటను మీరు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరెదను. నా ప్రసంగమంతయు దానిమీదనే నడచును.

మనవారు అక్కడికి పోవుట పాతమాట. గోదావరి ముఖమున కోరంగి యను రేవుండెను. అక్కడ కట్టిన ఓడలు గాలివాలు చూచుకొని బంగాళాఖాతము దాటి బర్మాకు పోయెడివి. అందుచే బర్మావారు తెలుగువారినందరను కోరంగీలనిరి. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగిని ముంచి, రేవును మరల కోలుకొననీయక చేసెను. రేవు పోయినను పేరు మాత్రము సముద్రమునకావల నిలిచెను. శ్రీకాకుళమువాడైనను విశాఖపట్టణమువాడైనను, కోరంగిని కలలోనైనను చూడనివాడైనను, అక్కడ కోరంగీయే.

1869లో సూయజు కాలువ తెరచినపిమ్మట ఐరావతీనది ముఖద్వారపు నేలలకు దశ మారినది. అడవి కొట్టి వరి వేసిరి. యుద్ధమునకు ముందు సంవత్సరములలో బర్మానుండి ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము ఎగుమతియగుచుండెడిది. ప్రపంచమున అంత బియ్యము పంపిన దేశము మరియొకటి లేదు. వడ్లు పడవలనుండి మోయుటకు, మిల్లులో ఆడించుటకు, ఊకను బాయిలరుకింద వేయుటకు, బస్తాలను ఓడలకెత్తుటకు మనుష్యులు కావలెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులలో పొగయోడలాగి జనమును ఎక్కించుకొనెడివి. 1920 తరువాతి దశాబ్దమున అన్ని రేవులనుండియు కలిసి ఏటేట మూడు నాలుగు లక్షలమంది రంగములో దిగుచుండిరి; దాదాపు అంతమందియు తిరిగి వచ్చుచుండిరి. వలసజనము దిగు రేవులలో రంగము న్యూయార్కుతో సరితూగెనని అప్పటివారు చెప్పుకొనిరి.

పోవు విధానము మీ తాతలకు తెలిసినదే. ఊరికి మేస్త్రీ వచ్చును. అప్పు తీర్చుటకో పెండ్లికో కొంత సొమ్ము ముందుగా చేతిలో పెట్టును, ఓడకూలియు తానే యిచ్చును, నోటు వ్రాయించుకొనును. ఆ నోటు తీరువరకు వీడు వాని మనిషి. రంగములో మిల్లు యజమాని కంట్రాక్టరుకు, కంట్రాక్టరు పెద్దమేస్త్రీకి, పెద్దమేస్త్రీ చార్జిమేస్త్రీకి, అతడు గాంగుమేస్త్రీకి సొమ్మిచ్చును. చివర కూలివాని చేతికి వచ్చును. ఏతపు నీరు పొలము చేరులోపల ప్రతి గండియు కొంత త్రాగినట్లే. రేవులో బరువులు మోసినవారును, రిక్షాలు లాగినవారును, వీధులూడ్చి పాయిఖానాలు శుభ్రపరచినవారును హెచ్చుగా తెలుగువారే. ఒక్కొక్క గదిలో పదులమంది. పగటిపనివాడు లేచిపోయిన చాపమీద రాత్రిపనివాడు పరుండును. స్త్రీలు బహుకొద్దిమంది. "రంగూన్ రౌడీ" యను నాటకము ఒకప్పుడు తెలుగునాట పేరుపొందినది. దాని పేరు వినినప్పుడెల్ల నాకు ఒక సందేహము కలుగుచుండును: అంతమంది కష్టజీవులు పోయిన ఊరి పేరును మనము రౌడీకే ఏల తగిలించితిమి?

చినతాతగారు ఆదివారములందు మిల్లు కూలీలకు ఉత్తరములు వ్రాసిపెట్టుచుండెను. సొమ్ము తీసికొనలేదని మా నాయనమ్మ చెప్పెడిది. చుట్టలు మాత్రము తీసికొనెనట. ఎవరు వ్రాయించినను చివర ఒక్కటే మాట: వచ్చే సంక్రాంతికి వస్తాను. ఆ వాక్యమును ఎన్నిమార్లు వ్రాసెనో, వాడు నోరు తెరువకముందే తన చేయి దానిని వ్రాసి ముగించుచుండెడిదని చెప్పెనట. వారికి ఆ పట్టణము ఊరు కాదు, ఒక మజిలీ. రెండేండ్లో మూడేండ్లో ఉండి పోవుదుమనుకొనినవారు ఆ దేశపు భాష పూర్తిగా నేర్చుకొనరు, పొరుగువానితో మైత్రి చేసికొనరు, స్థలము కొనరు. ఐనను వారు పోగా మరియొకరు వచ్చుచుండుటచే ఊరెల్ల వారే కనబడుదురు. ఇంటివానికి ఇది యెట్లుండునో మన మజిలీవాడు ఆలోచింపలేదు. ఆలోచించుటకు వానికి తీరికయు లేదు.

ఇక నేను చెప్పుటకు సంకోచించు భాగము. నేను తెలుగు పండితుడనైనను, మా బడిలో చరిత్ర చెప్పువారు లేని యేండ్లలో ఆ పాఠమును నేనే చెప్పితిని. 1930వ సంవత్సరపు రంగము అల్లరులను గూర్చి నేను పిల్లలకు చెప్పినది ఇంతే: తెలుగువారి కష్టార్జితమును చూచి ఓర్వలేక బర్మావారు వారిని చంపిరి. మా యూరిలో పెద్దలు నాకు చెప్పినదియు అదే. రేవు యొడ్డున స్ట్రాండు రోడ్డుమీద నిలుచుండి ఆ యేటిని చూచినప్పుడు, అంతకు కొన్ని యేండ్లక్రిందట చదివిన వృత్తాంతమంతయు మనసునకు వచ్చెను. మారిస్ కాలిస్ అను ఐర్లండు దేశీయుడు ఆ కాలమున రంగములో జిల్లా మేజిస్ట్రేటు. "ట్రయల్స్ ఇన్ బర్మా" అను గ్రంథమున తాను చూచినది వ్రాసెను. ఇతరుల వ్రాతలతో సరిచూచినను కథ యొక్కటియే.

1930 మే 5వ తేదీన గాంధిమహాత్ముని నిర్బంధించిరి. ఆనాటి రాత్రియే భూకంపము వచ్చి పెగూ పట్టణమును కూల్చి రంగమునందును ప్రాణములు తీసెను. ఆ మాసముననే రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచవలెనని పని మానిరి. ఓడలు నిలిచిపోగా, సరకెత్తించు కంపెనీలవారు బర్మా కూలీలను సుమారు రెండువేలమందిని చేర్చుకొనిరి. వీరు పల్లెలనుండి వచ్చినవారు. ఆ కాలమున వడ్ల ధర పడిపోవుచుండెను. అప్పులిచ్చిన చెట్టియార్లకు పొలములు పోవుచుండెను. పదమూడు ముఖ్యమైన వరి జిల్లాలలో చెట్టియార్ల చేతనున్న భూమి 1930లో నూటికి ఆరుపాళ్ళుండగా 1938 నాటికి ఇరువదియైదు పాళ్ళయ్యెనన్నచో ఆ రైతుల గతి మీరే యూహింపుడు. వారికి రేవుపని ఒక ఆధారమైనది. మూడు వారములలోపల కంపెనీలవారు తెలుగు కూలీలతో ఒడంబడి, కూలి కొంత పెంచి, వారిని మరల పిలిచిరి. బర్మా కూలీలకు ఈ మాట ముందుగా తెలుపనైన తెలుపలేదు. మే 26వ తేదీ ఉదయమున వారు యథాప్రకారము పనికి వచ్చిరి. పని లేదు పొండనిరి. తిరిగి పోవుచున్నవారిని మనవారు కొందరు ఎగతాళి చేసిరట. అక్కడ మొదలైనది.

నాలుగు దినములు ఊరు వధ్యశిలయైనది. నూరుమందికి మించి చచ్చిరి, వందలకొలది గాయపడిరి. చచ్చినవారిలో హెచ్చుమంది తెలుగువారు. పారిపోయిన వేలమంది పాత పిచ్చాసుపత్రి ప్రాకారములోపల తలదాచుకొనిరి. చంపినవారి పాపమును నేను తగ్గించి చెప్పుటలేదు. కాని రెండు ఆకలులను ఒక్క విస్తరి ముందు కూర్చుండబెట్టి, వడ్డించినట్లే వడ్డించి లాగివేసినవారు ఓడల సరకెత్తించుటలో లాభము తీసికొనినవారు. వారిలో నొక్కరికైనను దెబ్బ తగులలేదు. పిమ్మట రేవుపనిలో బర్మావారికిని భాగమీయవలసివచ్చెను. ఆ భాగము మే 25వ తేదీననే యిచ్చియున్నచో నేనీ సంగతి మీకు చెప్పవలసియుండెడిది కాదు. నా వద్ద ఆ పాఠము వినిన పిల్లలిప్పుడు నడివయస్కులు. వారిలో ఎవరైన ఈ ప్రసంగము వినుచున్నచో, నేను చెప్పినది సగమే యని దయచేసి సవరించుకొందురుగాక.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మాను భారతదేశమునుండి వేరుచేసిరి. దానితో మనవాడు శాసనరీత్యా పరదేశి యయ్యెను. ఐనను ఓడలు ఆగలేదు, మేస్త్రీలు ఆగలేదు.

1941 డిసెంబరు 23వ తేదీ పగటివేళ జపాను విమానములు రంగముపై బాంబులు వైచెను. వీధులలో ఆకాశము చూచుచు నిలిచిన జనము పడినది పడినట్లే పోయిరి. రెండు దినములకు మరల వచ్చినవి. రేవు కూలీలు మూటలు కట్టుకొని ప్రోము బాట పట్టిరి. కూలీలు పోయినచో యుద్ధసామగ్రి దింపువారెవరని దొరతనమువారు వారికి నచ్చజెప్పి, అభయమిచ్చి, చాలమందిని వెనుకకు తెచ్చిరి. చినతాతగారును అట్లు తిరిగి వచ్చినవారిలో నొకడు. ఫిబ్రవరిలో సింగపూరు పడినపిమ్మట పట్టణము ఖాళీ చేయుడని ఆజ్ఞ వచ్చెను. ఓడలలో చోటు ముందుగా దొరలకును, సొమ్ముగలవారికిని దొరకెను. మిగిలినవారికి కాళ్ళే గతి. మార్చి 8వ తేదీన జపానువారు నిర్జనమైన ఊరిలో ప్రవేశించిరి.

అట్లు బయలుదేరినవారు సుమారు అయిదు లక్షలు. కొందరు ఉత్తరముగా పోయి మణిపురము చేరిరి, కొందరు హుకాంగ్ లోయలో వానలకు చిక్కిరి. చినతాతగారు ప్రోమునుండి అరకాను కొండలమీదుగా తౌంగప్ చేరు బాటను నడచెను. నూరు మైళ్ళకు మించిన ఆ కొండదారిలో నీరు లేదు, ఉన్నచోట కలరా యున్నది. అక్కడినుండి పడవలో అక్యాబు, అక్యాబునుండి చిట్టగాంగు, పిమ్మట రైలు. త్రోవలలో చచ్చినవారి సంఖ్యను పదివేలనుండి యాబదివేలవరకు వేర్వేరుగా అంచనా వేసిరి; దారిప్రక్కన పడినవారిని లెక్కించినవారెవ్వరు? చినతాతగారితో బయలుదేరిన మిల్లువారు పదునొకండుగురు. ఆముదాలవలస స్టేషనులో దిగినవారు నలుగురు. ఈ లెక్క ఆయన మా నాయనమ్మకొక్కతెకే చెప్పెను. ఆయన పోయిన పదియవనాడు ఆమె మాకు చెప్పినది. అప్పుడు చెంబు సంగతి నాకు తెలిసినది.

యుద్ధము ముగిసినపిమ్మట కొందరు తిరిగిపోయిరి. 1962లో సైన్యము ఆ దేశమును చేతబట్టి, 1964 నాటికి అంగళ్ళను జాతీయముచేసి, పెద్దనోట్లను రద్దుచేసినపుడు, సుమారు మూడు లక్షల భారతీయులు క్రమముగా కట్టుబట్టలతో వెడలిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపను పేట వారి గుర్తు.

రెండవనాటి ఉదయమున బహదూర్‌షా సమాధి చూచితిని. ఢిల్లీ చివరి చక్రవర్తిని 1858లో అక్కడికి తెచ్చి, 1862 నవంబరు 7వ తేదీన మరణింపగా ఆనాడే పాతిపెట్టి, ఆనవాలు తెలియకుండ నేలను చదును చేసిరి. 1991లో కాలువ త్రవ్వుచుండగా ఆ గోరీ బయటబడెను. చక్రవర్తి గనుక నూటయిరువది తొమ్మిదేండ్లకైనను దొరకెను.

అక్కడినుండి పజున్‌డౌన్ పోతిని. కాలువ యున్నది. మిల్లు జాడ లేదు. అడిగి అడిగి ఒక చిన్న అమ్మవారి గుడి చేరితిని. గుడి అరుగుమీద ఎనుబదేండ్ల పెద్దాయన యొకడు లోంజీ కట్టుకొని కూర్చుండి, నా పంచెకట్టు చూచి, "ఏ ఊరు బాబూ తమది?" అనెను. అంతటి తెలుగు మాట! శ్రీకాకుళమంటిని. బడిపంతులనంటిని. వెంటనే లేచి నా చేయి పట్టుకొని, "పంతులుగారూ, మా ఇంటికాడ ఒక కాగితం ఉంది. మాకెవరికీ సదువు రాదు. సూసి పెడతారా?" అనెను.

వారి ఇల్లు రెండు గదులది. మనుమడును మనుమరాండ్రును బర్మాభాషయే మాటలాడిరి. పెద్దాయన తాత తెలుగుదేశమునుండి వచ్చిన మిల్లుకూలి. నాయనమ్మ బర్మా స్త్రీ. 1942లో వారు పోలేదు. ఆమె పుట్టింటివారు ఏటికావలి పల్లెలో వారిని యుద్ధము ముగియువరకు దాచిరట. దేవుని పటము వెనుకనుండి ఒక రేకుడబ్బి తీసి, అందుండి ఒక కార్డు నా చేతిలో పెట్టెను. అది మంత్రమో దానపత్రమో యని తలచి మూడు తరములుగా దానికి సాంబ్రాణి వేయుచుండిరి.

యువ సంవత్సర కార్తీకమాసమని తేదీ, అనగా 1935. ఎవరిచేతనో వ్రాయించినది. పంపిన పదునైదు రూపాయలు ముట్టినవని, ఇంటికి కొత్తగా తాటాకు నేయించితిమని, ఎర్రావు ఈనినదని, మామగారి కాలినొప్పి తగ్గలేదని, చిన్నవాడు గోడ పట్టుకొని నడచుచున్నాడని, సంక్రాంతికి తప్పక రావలెనని. వ్రాయించినది ఆ తాత ధర్మపత్ని యని రెండవ పంక్తిలోనే తెలిసినది. చిన్నవాని మాట వద్ద నా గొంతు నిలిచినది. ఆ వాక్యమును విడిచి చదువుదునా యని యొక క్షణము తలచితిని. పెద్దాయన నా ముఖమును చూచుచుండెను. చదివితిని.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత మనుమనికి బర్మాభాషలో ఏమో చెప్పెను. వాడు ఆశ్చర్యముతో నవ్వెను. "అయితే పంతులుగారూ, మాకక్కడ మనుషులున్నారన్నమాట" అనెను. ఏ ఊరో చెప్పుమనెను. ఉత్తరములో "మన ఊరు" అని మాత్రమే యున్నది. తపాలా ముద్రలో చివరి రెండక్షరములు, "పేట" అని తప్ప తక్కినవి చెరిగిపోయినవి. పేట అని ముగియు ఊళ్ళు మా జిల్లాలో ఎన్ని యున్నవో మీకు తెలియును.

మరునాడు నేను సింగపూరు పోతిని. 2021 ఫిబ్రవరి 1వ తేదీన ఆ దేశమున సైన్యము మరల అధికారము పట్టుకొనినది. అటుపిమ్మట ఆ యింటివారితో ఉత్తరప్రత్యుత్తరములు అరుదైనవి గాని తెగిపోలేదు. మనుమని చిరునామా నాయొద్ద భద్రముగా నున్నది.

పేట యని ముగియు ఊరిలో, 1935వ సంవత్సరపు శీతకాలమున తాటాకిల్లు కొత్తగా నేయించి, ఎర్రావును పెంచి, రంగములోనున్న యజమానికొరకు సంక్రాంతికి ఎదురుచూచిన యిల్లు మీలో ఎవరి తాతదైనను, నాయనదైనను కావచ్చును. ఆనాడు గోడపట్టుకొని నడచిన పిల్లవాని సంతతివారుందురు. అట్టి మాట మీ యింట వినియున్నచో ఈ రేడియో కేంద్రమునకు ఒక కార్డు వ్రాయుడు; నాకు చేరును.